మా బడ్డీ దగ్గర పరిశోధన పూర్తయింది

ఉద్దానం కిడ్నీ జబ్బుకి కారణం ఏటో తేలిపోయిందండీ. ఏళ్ల తరబడి నీళ్లు, మట్టి, రక్తం శాంపిల్స్ పట్టుకెళ్లినోళ్లు ఇంకా తేల్చలేదు గానీ, మా సోంపేట సైడు టీ బడ్డీ దగ్గర పొద్దున్న ఆరున్నరకే తేల్చేస్తారు. సోమవారం బోరునీళ్లలో సిలికా, మంగళవారం జీడితోటల్లో కొట్టే మందు, బుధవారం ఎండలో పని. గురువారం పూర్వజన్మ పాపం. 2023 డిసెంబర్‌లో పలాసలో 200 పడకలతో కిడ్నీ పరిశోధన కేంద్రం తెరిచారు, మాకు పడకల్లేవు, ఒక బల్ల ఉంది, అయినా రిజల్ట్ మాదే ముందు.

మా చిన్నాన్నకి క్రియాటినిన్, అదే కిడ్నీ ఎలా పనిచేస్తందో చెప్పే రక్తపరీక్ష, 3.8 వచ్చింది. ఆ కాగితాన్ని రేషన్ కార్డుతో కలిపి చీరల షాపు కవర్లో మడతేసి ఊరంతా తిప్పాడేమో, మడత దగ్గర చుక్క చెరిగిపోయి చూసినోళ్లంతా 38 అనుకుని గుండెలు పట్టుకుంటున్నారు.

నేనూ చదువుకున్నోడ్నే కదా అని పబ్‌మెడ్ తెరిచా. వైద్య పరిశోధన పేపర్లు వెతుక్కునే సైటు, అమెరికా ప్రభుత్వ లైబ్రరీ వాళ్లది, వెతకడం ఫ్రీ, సారాంశం ఫ్రీ, మొత్తం పేపరు కావాలంటే మాత్రం చాలాసార్లు డాలర్లు అడుగుద్ది. ఫ్రీగా దొరికినదాన్ని సంబరంగా చదివి వినిపిస్తే, అది ఎలకల మీద చేసిందట, చివర్లో గానీ చూసుకోలేదు. చిన్నాన్న "మరి నాను ఎలకనేటిరా" అన్నాడు.

పైగా ఈ సైంటిస్టులకి మొహమాటం ఎక్కువ. శ్రీలంకలో, నికరాగ్వాలో, ఎల్ సాల్వడార్‌లో కూలీనాలీ చేసేవాళ్లకీ ఇలాంటి జబ్బే వస్తోంది, అక్కడా వందల పేజీలు రాసి చివరికి "ఇంకా పరిశోధన జరగాలి" అంటారు. కోక్రేన్ అనే సంస్థ వాళ్లయితే వైద్యం మీద మనుషులకి చేసిన ట్రయల్స్ అన్నీ పోగేసి తూకమేసి, ఆధారం బలంగా లేదని మొహమ్మీదే చెప్పేస్తారు. ఇలాగైతే జనం ఎలా నమ్ముతారు? అదే కొండపిండాకు కషాయం వీడియో చూడండి, నాలుగు నిమిషాల్లో నూటికి నూరు గ్యారంటీ! రాళ్లకి తాగే ఆకుని పాడైన కిడ్నీకి అమ్ముతున్నాడన్న చిన్న తేడా ఉందనుకోండి, అది వేరే సంగతి. కొత్త మందు ట్రయల్ చేస్తే రిజిస్ట్రేషన్ ఉండాలి, మన దేశంలో 2009 నుంచి తప్పనిసరి కదా, నంబర్ చెప్పండి అని మెసేజ్ పెట్టా. వెంటనే ఫోన్‌పే నంబర్ పంపాడు.

ఆఖరికి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాం. ఆవిడ చెప్పిందల్లా ఒంటినొప్పుల బిళ్లలు మానెయ్, బీపీ చూసుకో, మూడు నెలలకి మళ్లీ టెస్టు. కాగితం చూసి, పెన్ను తీసి, ఆ చుక్క మళ్లీ పెట్టి ఇచ్చింది.

బయటికొచ్చాక పిన్ని మొహం వేలాడేసింది. "అన్నేళ్లు సదివి సుక్క ఎట్టడానికేటి?"