సవరణ: బ్లీడ్ వేరు, మార్జిన్ వేరు

పేజీ అమరికపై ఇంతకుముందు ఇచ్చిన వివరణలో ‘బ్లీడ్ అంటే పేజీ అంచున వదిలే ఖాళీ’ అని ఉంది. ఆ వాక్యాన్ని కొట్టివేసి ఇలా చదువుకోండి: అంచున వదిలే ఖాళీ మార్జిన్. బొమ్మను గానీ రంగును గానీ కోత గీత దాటించి బయటికి పొడిగించే భాగం బ్లీడ్.

అచ్చయిన కాగితాలను దొంతరగా పేర్చి కోస్తారు. కత్తి వెంట్రుకవాసి పక్కకు జరిగినా చాలు, సరిగ్గా అంచు దగ్గరే ఆగిన బొమ్మ పక్కన సన్నని తెల్లగీత బయటపడుతుంది. ముదురు రంగు అట్ట మీద అది కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది, ఇక దిద్దే దారి ఉండదు. అందుకే సాధారణంగా నాలుగు వైపులా 3 మిల్లీమీటర్లు అదనంగా పెడతారు. 210 × 297 మిల్లీమీటర్ల ఏ4 పేజీ బ్లీడ్‌తో కలిపి 216 × 303 అవుతుంది. ప్రెస్సువారు ఇంకా ఎక్కువ అడిగితే వారి కొలతే పాటించండి.

లీడింగ్ విషయంలోనూ ఒక స్పష్టత అవసరం. అది రెండు వరుసల నడుమ కనిపించే ఖాళీ కాదు, ఒక వరుస ఆధారరేఖ (అక్షరాలు ఆనుకుని నిలిచే ఊహాగీత) నుంచి తర్వాతి వరుస ఆధారరేఖ వరకు ఉన్న దూరం. తెలుగు అచ్చులో దీన్ని తేలికగా తీసుకోకూడదు. పై వరుస వత్తులు కింది వరుస గుడులను తాకితే చదివేవారి కన్ను అక్కడే చిక్కుకుంటుంది. ఇంగ్లిషుకు సరిపోయిన కొలతను దయచేసి తెలుగుకు యథాతథంగా దించకండి.

గట్టర్ (పుస్తకం కుట్టు వైపు వదిలే లోపలి ఖాళీ) గురించిన భాగంలో మార్పు లేదు. దళసరి పుస్తకానికి లోపలి మార్జిన్ ఇంకాస్త పెంచాలన్నది మాత్రం దానికి చేర్చుకోండి.