తాతల నాటి వేట రైఫిల్‌కు పాతిక లక్షలు రావు

"మీ ఇంట్లో తాతల కాలం నాటి ఇంగ్లండు వేట రైఫిల్ ఉందా? తొందరపడి అమ్మకండి. విదేశీ వేలాల్లో పాతిక లక్షలు పలుకుతోంది. పాతబడేకొద్దీ ధర పెరుగుతుంది. మెరుగు పెట్టిస్తే ఇంకా వస్తుంది. లైసెన్సు లేకపోయినా పురావస్తువుగా అమ్ముకోవచ్చు." ఫోన్లలో తిరుగుతున్న ఈ సందేశాన్ని నమ్మి మా పెద్దమ్మ రెండేళ్లు ఆగింది. పెదనాన్న పోయాక ఆయన రైఫిల్‌ను తుపాకుల దుకాణంలో భద్రపరిచాం. అడిగినవాళ్లందరికీ ఆమె పాతిక లక్షలే చెప్పింది. ఒక్కరూ మళ్లీ రాలేదు.

మొదట ఆ వేలం మాట చూద్దాం. అంత ధర పలికేవి హాలండ్ అండ్ హాలండ్, పర్డీ వంటి సంస్థలు చేత్తో చేసిన జంట గొట్టాల రైఫిళ్లు. వాటికి అసలు పెట్టె ఉంటుంది, తయారీదారు పుస్తకాల్లో నంబరు ఉంటుంది. మన ఇళ్లలో ఎక్కువగా కనిపించేవి ఫ్యాక్టరీలో తయారైన ఒంటి గొట్టం బోల్టు రైఫిళ్లు, అంటే వెనుక ఉన్న బోల్టు అనే కడ్డీని లాగి తూటా ఎక్కించేవి. పైగా తుపాకీని దేశం దాటించాలంటే 1959 ఆయుధాల చట్టం ప్రకారం వేరే లైసెన్సు కావాలి. కాబట్టి కొనేవాడు ఇక్కడే దొరకాలి. అతనికి లైసెన్సు ఉండాలి, అందులో మరో తుపాకీకి ఖాళీ కూడా ఉండాలి. 2019 సవరణతో ఒక మనిషి ఉంచుకోగల తుపాకులు మూడు నుంచి రెండుకు తగ్గాయి. మూడోది వదిలించుకోవలసిన వాళ్లంతా అమ్మకందార్లయ్యారు. వేట కోసం కొనే రోజులు వన్యప్రాణి చట్టంతో ఎప్పుడో పోయాయి. దిగుమతుల మీద ఆంక్షల వల్ల విదేశీ రివాల్వర్లు, పిస్తోళ్లు ఇక్కడ బాగా ధర పలుకుతాయన్నది నిజమే. ఆ లెక్కను రైఫిల్‌కు వేయడమే తప్పు.

వయసు చూసి ఎవరూ ధర కట్టరు. ముందు అడిగేది బోరు, అంటే ఏ తూటా పడుతుందో తేల్చే గొట్టం లోపలి కొలత. .303 తూటా పట్టే రైఫిల్ మామూలు లైసెన్సు మీద ఉంచుకోనివ్వని నిషిద్ధ బోరు కిందికి వస్తుంది, దాన్ని కొనగలిగేవాళ్లు చాలా కొద్దిమంది. .315కి మన ఆయుధ కర్మాగారాల తూటాలే ఉన్నాయి కాబట్టి అడిగేవారుంటారు. తూటా దొరకని బోరైతే ఎంత గొప్ప పేరు చెక్కి ఉన్నా గోడకు తగిలించుకోవడానికే.

ఆ తర్వాత గొట్టం. దుకాణదారు బోల్టు తీసి, వెనుక తెల్ల కాగితం పెట్టి, ముందువైపు నుంచి నన్ను చూడమన్నారు. మెలితిరిగిన గాడులు సగం దూరం అద్దంలా మెరుస్తూ వచ్చి, అక్కడి నుంచి మసూచి మచ్చల్లాంటి గుంటలతో నిండి ఉన్నాయి. పాతకాలపు తూటాల క్యాపుల్లోని మందు పేలాక గొట్టంలో లవణం మిగులుతుంది. ఆ రాత్రే కడిగి నూనె పట్టించకపోతే చెమ్మ తగిలి లోహాన్ని తినేస్తుంది. పైనుంచి చూస్తే ఆ రైఫిల్ ముచ్చటగా ఉంది. ధర సగానికి పడింది మాత్రం ఈ గుంటల వల్లే. బోల్టు మీది నంబరు, రైఫిల్ నంబరు ఒకటే కావడం, అంటే బోల్టు మార్చింది కాకపోవడం, మాకు కలిసొచ్చింది.

మెరుగు పెట్టించమనేది ఈ సందేశంలోకెల్లా నష్టం చేసే సలహా. పక్కనే అలా మెరుగుపెట్టిన మరో రైఫిల్ ఉంది. నీలి నలుపు నిగనిగలాడుతోంది, కానీ అరగదీతలో తయారీదారు పేరు చెరిగిపోయింది, గొట్టాన్ని పేల్చి పరీక్షించాక ఇంగ్లండులో వేసే బర్మింగ్‌హామ్ పరీక్షా ముద్ర వేలికి కూడా తగలడం లేదు. అది ఏ రైఫిలో నిరూపించే దారే పోయింది.

ఇక పురావస్తువు మాట ప్రమాదకరం. ఆయుధాల చట్టం 45వ సెక్షన్ మినహాయింపు ఇచ్చేది బాగుచేసినా పేలని పాత ఆయుధాలకే. పేలేదాన్ని లైసెన్సు లేకుండా అమ్మితే కేసు అమ్మినవారి మీద, కొన్నవారి మీద కూడా పడుతుంది. వారసులకు 21వ సెక్షన్ సరైన దారి చూపిస్తోంది: పోలీసు స్టేషన్‌లో గానీ లైసెన్సున్న దుకాణంలో గానీ అప్పగించి, అర్హులకు అమ్మవచ్చు. గడువు దాటేదాకా పట్టించుకోకపోతే ప్రభుత్వం స్వాధీనం చేసుకోవచ్చు. పాతిక లక్షల కోసం ఎదురుచూసే కుటుంబాలకు ఈ సంగతి ఎవరూ చెప్పడం లేదు.

ధర తెలుసుకోవాలంటే రెండు మూడు దుకాణాల్లో "ఇది ఎంతకు పోతుంది" అని కాక, "మీరు ఎంతకు కొంటారు" అని అడగండి. పాత లైసెన్సు, మరణ ధ్రువపత్రం, మిగతా వారసుల సమ్మతి పత్రాలు వెంట తీసుకెళ్లండి. మా పెద్దమ్మకు ముగ్గురు చెప్పిన ధరలూ కొత్త .315 రైఫిల్ ధర కంటే తక్కువే. వాటిలో మధ్య ధరకు పోయిన నెల సంతకం పెట్టింది.