డీఐలో రంగు పీకేస్తే బ్లాక్ అండ్ వైట్ అయిపోదు

మన సినిమాల్లో బ్లాక్ అండ్ వైట్‌కి ఉన్నది ఒకటే ఉద్యోగం: ఫ్లాష్‌బ్యాక్ మొదలైందని చెప్పడం. హీరో నాన్న కథో, ఊళ్లో పాత హత్యో, ఏదైతేనేం, అన్నిటితో పాటే కలర్‌లో తీసేస్తారు. డీఐలో, అంటే షూటింగ్ అయ్యాక కంప్యూటర్లో రంగులు సరిదిద్దే దశలో, సాచురేషన్ (రంగు గాఢత) సున్నాకి తిప్పి, పైన కాస్త గ్రెయిన్, అంటే ఫిల్మ్ మీద కనిపించే సన్నటి రేణువులు, చల్లుతారు. తెర మీద బూడిద ముద్ద కనబడుతుంది. ఆపైన "మన జనం బ్లాక్ అండ్ వైట్ చూడరండీ" అని నెపం జనం మీదకి నెట్టేస్తారు. 2024లో మలయాళం 'భ్రమయుగం' మొదటి ఫ్రేమ్ నుంచి చివరి ఫ్రేమ్ దాకా బ్లాక్ అండ్ వైటే. తెలుగులోకి డబ్బింగ్ అయి మన థియేటర్లకీ వచ్చింది. జనాన్ని అనకండి, పని చూసుకోండి.

ఆ ముద్ద ఎందుకొస్తుందో లెక్క ఉంది. హెచ్‌డీ ప్రమాణంలో వెలుగు విలువకి ఆకుపచ్చ వాటా సుమారు 72 శాతం, ఎరుపుది 21, నీలానిది 7. ఈ లెక్కన ఎర్ర పట్టుచీర, దాని ముదురాకుపచ్చ అంచు దాదాపు ఒకే బూడిద ఛాయకి వచ్చి పడతాయి. కళ్లు చెదిరే కాంట్రాస్ట్ అనుకుని కొన్న చీర, తెర మీద అంచే లేని చీర. పసుపు రంగు గోడ, లేత నీలం ఆకాశం కూడా అంతే, ఒకదాన్లో ఒకటి కలిసిపోతాయి. కలర్‌లో వస్తువుల్ని విడదీసిన పని రంగు చేసింది. దాన్ని తీసేశాక ఆ పని చేసేవాళ్లు ఫ్రేములో ఎవరూ లేరు.

"ఛానల్ మిక్సర్‌లో సరిచేద్దాం" అంటారు, అంటే ఎరుపు, ఆకుపచ్చ, నీలం వాటాల్ని విడివిడిగా పెంచి తగ్గించే పనిముట్టుతో. కొంతవరకు కుదురుతుంది. ఎరుపు ఛానల్ పెంచితే మన చామనఛాయ ముఖాలు తేటపడతాయి, మచ్చలు తగ్గుతాయి, ఆకాశం నల్లబడుతుంది. కానీ అదే దెబ్బకి కుంకుమ బొట్టు చర్మంలో కలిసి మాయమవుతుంది, పెదాలు పాలిపోతాయి. ముత్తైదువ పాత్ర క్లోజప్‌లో బొట్టు లేకుండా నిలబడితే కథే మారిపోతుంది కదా! నీలం ఛానల్ పెంచితే బొట్టు నల్లగా నిలుస్తుంది, చర్మం గరుకు తేలుతుంది, పసుపు రాసిన గడప నల్లబడుతుంది. పైగా టంగ్‌స్టన్ లైట్ల (పచ్చటి వెలుగిచ్చే పాతరకం బల్బుల) కింద తీసిన షాట్ అయితే ఆ వెలుగులో నీలమే తక్కువ కాబట్టి, పెంచినకొద్దీ నాయిస్ (చుక్కల గోల) పైకొస్తుంది. ఫుటేజ్ రంగు సమాచారాన్ని కుదించి దాచే 4:2:0 పద్ధతిలో 8 బిట్ అయితే మరీ కష్టం. అందులో రంగు సమాచారం వెలుగు సమాచారంలో నాలుగో వంతే ఉంటుంది. నీలాన్ని పట్టుకుని ఆకాశాన్ని నల్లగా లాగితే కొబ్బరాకుల అంచుల చుట్టూ గళ్లు, తెల్ల గీతలు తేలతాయి. సెన్సార్ పట్టింది పట్టినట్టు దాచే రా ఫైల్ ఉండాలి, లేదంటే కనీసం రంగుని అంతగా కుదించని 10 బిట్ 4:2:2.

కాబట్టి అసలు పని బట్టలు కొనేముందే మొదలవ్వాలి. చీరలు, గోడల రంగులు, మేకప్, అన్నిటినీ షూటింగ్ కెమెరాతోనే, వాడబోయే లైట్ల కిందే, మానిటర్ మోనోక్రోమ్‌లో పెట్టి చూడాలి. కాస్ట్యూమ్ డిజైనర్ రంగు పేరు మర్చిపోయి ఛాయ ఎంతో చూడాలి. లైటింగూ మారాలి. ముఖానికి ఒక వైపు వెలుగు, రెండో వైపు దానికి రెండు స్టాపులు తక్కువ (స్టాపు తగ్గితే వెలుగు సగమవుతుంది), వెనక గోడ ఈ రెండిటికీ దొరకని ఛాయలో ఉండాలి. నల్ల జుట్టు చీకటి గోడలో మునగకుండా వెనకనుంచి సన్నటి బ్యాక్ లైట్. మన పాత కెమెరామన్లకి ఇది కొట్టిన పిండి. 1957 'మాయాబజార్'లో మార్కస్ బార్ట్‌లీ వెన్నెలని వెలుగుతోనే కట్టాడు. 2010లో దానికి రంగులద్దారు. ఆ శ్రమని తక్కువ చెయ్యను గానీ, నేను ఇప్పటికీ పాతదే చూస్తాను.

అన్నీ కలర్‌లో తీసి మార్చడం తప్పని కాదు. 'రోమా'ని దర్శకుడు క్వారోన్ అలెక్సా 65 కెమెరా మీద కలర్‌లోనే తీసి, తర్వాత మార్చి, కెమెరా పనికి ఆస్కార్ తీసుకున్నాడు. ఎందుకు కుదిరిందంటే ఫలితం ఏమిటో ముందే తెలిసి తీశాడు. 'మాంక్' సినిమాని రెడ్ కంపెనీ మోనోక్రోమ్ (నలుపు తెలుపు మాత్రమే తీసే) కెమెరాతో తీశారు. ఆ సెన్సార్ మీద రంగు ఫిల్టర్ల జల్లెడ ఉండదు, కాబట్టి ఎక్కువ వెలుగు చేరుతుంది, వివరం పదునుగా వస్తుంది. అయితే ఛానల్ మిక్సర్ అన్న మాటే ఉండదు. ఆకాశం నల్లబడాలంటే లెన్స్ ముందు ఎర్ర 25 ఫిల్టర్ పెట్టి మూడు స్టాపుల వెలుగు వదులుకోవాలి, ఆ నిర్ణయాన్ని తర్వాత మార్చలేరు. గ్రీన్ మ్యాట్ (వెనక దృశ్యం తర్వాత మార్చడానికి కట్టే ఆకుపచ్చ తెర) కూడా పనికిరాదు, రంగే తెలియని కెమెరాకి ఆకుపచ్చ ఏం తెలుస్తుంది? 'ది లైట్‌హౌస్'లో కొడాక్ డబుల్ ఎక్స్ ఫిల్మ్ మీద, ఎరుపుని అడ్డుకునే ప్రత్యేక ఫిల్టర్‌తో తీశారు. అందుకే ఆ ముఖాలు ఉప్పుగాలికి ఎండిపోయినట్టుంటాయి. ఫిల్టర్ తినేసే వెలుగుని సెట్లో లైట్లతో పూడ్చుకోవాల్సి వచ్చింది.

ఇక ఫ్లాష్‌బ్యాక్ సంగతి. 'ఓపెన్‌హైమర్' కోసం కొడాక్ మొదటిసారి 65 మిల్లీమీటర్ల బ్లాక్ అండ్ వైట్ ఫిల్మ్ తయారుచేసింది. ఆ సినిమాలో ఓపెన్‌హైమర్ మీద 1954లో జరిగిన విచారణ కలర్‌లో ఉంటుంది, అతని ప్రత్యర్థి స్ట్రాస్ మీద 1959 సెనేట్ విచారణ బ్లాక్ అండ్ వైట్‌లో. తర్వాత జరిగిందే నలుపు తెలుపు! అక్కడది కాలానికి గుర్తు కాదు, కథ ఎవరి కళ్లతో చూస్తున్నామన్నదానికి గుర్తు.

ఓటీటీలో ఇంకో తంటా. 8 బిట్ వీడియోలో నలుపు నుంచి తెలుపు దాకా 220 మెట్లే. మంచు, పొగ, ఖాళీ గోడ ఉన్న షాట్లో ఆ మెట్లు చారలుగా కనిపిస్తాయి. కలర్‌లో మూడు ఛానళ్ల తేడాలు వాటిని కొంత కప్పేస్తాయి, ఇక్కడ ఆ సాయం లేదు. సన్నటి గ్రెయిన్ అవసరం అందుకే, పాతకాలపు షోకు కోసం కాదు. అది కూడా బిట్‌రేట్ (సెకనుకి పంపే డేటా) చాలకపోతే కంప్రెషన్‌లో కొట్టుకుపోతుంది.

చివరగా నిర్మాతని మొదటిరోజే అడగాల్సిన ప్రశ్న: ఎక్కడైనా కలర్ వెర్షన్ ఇస్తామని సంతకం పెట్టారా? బ్లాక్ అండ్ వైట్ సినిమా 'నెబ్రాస్కా'కి అలాంటి కలర్ వెర్షన్ తయారుచేయాల్సి వచ్చింది. ఆ షరతు ఉంటే ఛాయ కోసం గోడకి వికారమైన ఆకుపచ్చ వేయించడం కుదరదు, ప్రతి చీరా రెండు పరీక్షలూ నెగ్గాలి. కాస్ట్యూమ్స్ బడ్జెట్ రాసేముందే ఆ సంగతి తేల్చుకోండి.