సవరణ: వెదురు నరికే కత్తికి పదును కోణం

లారీ కమాన్ పట్టీతో (చక్రాల పైన ఉండే స్ప్రింగు ఉక్కు పట్టీ) కత్తి చేయించుకునేవారి కోసం రాసిన గత పోస్టులో, అంచును ఒక్కో వైపు 15 డిగ్రీలకు సాన పట్టమని ఉంది. అది కూరగాయల కత్తి కొలత. ఏటూరునాగారం వైపు వెదురు నరికే బరువైన కత్తికి 20 నుంచి 25 ఉండాలి. లేకపోతే గణుపు మీద దెబ్బ పడగానే అంచు పెచ్చు లేస్తుంది, లేదా మడత పడుతుంది.

కోణం ఒక్కటే చాలదు. ఎర్రగా కాల్చి నూనెలో ముంచిన ఉక్కు గాజులా పెళుసు. కమ్మరి దాన్ని మళ్లీ సన్నని వేడి మీద కాచాలి. రుద్ది మెరిపించిన అంచుపై ఎండుగడ్డి లాంటి లేత పసుపు రంగు రాగానే, అంటే వేడి 200 డిగ్రీల సెల్సియస్ దాటాక, ఆపేయాలి. మొద్దు వైపు మాత్రం నీలం తేలేదాకా, దాదాపు 300కు పోనివ్వాలి. దెబ్బ తట్టుకునేది అదే. దయచేసి ఇక్కడ కొలిమి దగ్గర తొందరపెట్టకండి.

15కి నూరేసినవాళ్లు టెన్షన్ పడక్కర్లేదు. కత్తిని కాస్త నిలువుగా పట్టి సానరాయి మీద ఆడిస్తే సరిపోతుంది.