బయటి జాతిలో పగులు

మెకానికల్ ఇంజినీరింగులో ఎం.టెక్. పట్టా పుచ్చుకోవడానికి ఏమేమి కావాలో తెలియని తల్లిదండ్రులు నల్లగొండ జిల్లాలో ఇంకా ఎవరైనా మిగిలి ఉంటే, వారి సౌకర్యార్థం ముందుగా ఆ వివరాలు మనవి చేస్తాను. బి.టెక్. పాసై ఉండాలి. ప్రవేశ పరీక్షలైన గేట్ గానీ, పీజీఈసెట్ గానీ రాయాలి. పీజీఈసెట్‌లో రెండు గంటల్లో 120 ప్రశ్నలకు జవాబులు గుర్తించాలి గనుక, ఆలోచించే దురలవాటు ఉన్నవారికి అది కొంచెం కష్టం. గేట్ దారిన వెళ్తే నెలకు 12,400 రూపాయల ఉపకార వేతనం ఉంటుంది. పీజీఈసెట్ దారిన వెళ్తే ఆ ఉపకారం చేయవలసినవారు కన్నవారే. ఆపైన రెండేళ్లు, నాలుగు సెమిస్టర్లు, 68 క్రెడిట్లు. ఇదంతా గట్టెక్కాక ఒక సిద్ధాంత వ్యాసం రాసి, అందులోని మాటలను మీకంటే ముందు పుట్టినవాడెవడూ రాయలేదని ఒక కంప్యూటరు చేత ఒప్పించాలి. మా మేనల్లుడు మొదటివన్నీ దాటాడు. చివరిదాని దగ్గర దొంగగా పట్టుబడ్డాడు. ముప్పై ఒక్క శాతం దొంగ.

వాడి తండ్రి, అంటే మా బావ, మిర్యాలగూడలో ఒక రైసుమిల్లులో ఫిట్టరు. స్క్రూడ్రైవరు మొనను బేరింగు మీద పెట్టి, పిడిని చెవికి ఆనించుకుని, ఇది ఈ సీజను దాటుతుందా దాటదా అని చెప్పగల మనిషి. ఆ చెవికి తెలిసేది అంకెలలో ఎట్లా ఉంటుందో చూడాలని పిల్లవాడికి బుద్ధి పుట్టింది. నిమిషానికి 1440 చుట్లు తిరిగే బ్లోయరు షాఫ్టు సెకనుకు 24 చుట్లు తిరుగుతుంది; బేరింగులో తొమ్మిది గుండ్లు ఉండి, బయటి రింగు మీద ఒక చిన్న గాటు పడితే, ఆ గాటు మీదుగా సెకనుకు దాదాపు 86 సార్లు గుండ్లు దొర్లిపోతాయి. కనుక ఆ 86 దగ్గర ప్రకంపన పెరుగుతున్నదంటే బేరింగుకు రోజులు దగ్గరపడ్డాయన్నమాట. సూత్రం పాతదే. కానీ ఊక దుమ్ములో, బెల్టుల ఊపులో, కరెంటు ఎగుడుదిగుళ్లలో ఆ 86ను పట్టుకోవడం పాతది కాదు. వాడు రెండు సెమిస్టర్లపాటు రాత్రి షిఫ్టులో, బేరింగును పట్టి ఉంచే ప్లమ్మర్ బ్లాకు మీద సెన్సారు అతికించి కూర్చున్నాడు. ఒక బేరింగు పోతున్న సంగతిని వాళ్ల నాన్న చెవి కంటే తొమ్మిది రోజుల ముందు పట్టాడు. బావ మూడు రోజులు వాడితో మాట్లాడలేదు. నాకు తెలిసినంతలో అంతకు మించిన వైవా ఉండదు.

ఈ వ్యాసం కాలేజీకి వెళ్లింది. కాలేజీ పేరు చెప్పను; చెప్పినా చెప్పకపోయినా మీకు తెలిసిన కాలేజీ లాగానే ఉంటుంది. పాత రాతలతో పోలిక ఎంతుందో లెక్కగట్టే సాఫ్ట్‌వేరులో వేసి తీసిన నివేదిక, ముప్పై ఒక్క శాతం పోలికతో, హోలీ మరునాటి చొక్కాలాగా రంగురంగులుగా తిరిగి వచ్చింది. ఎర్ర రంగు అంటే కాపీ అని అర్థమట. మొట్టమొదట ఎర్రబడింది ఏ వాక్యమో ఊహించగలరా? ‘ఈ వ్యాసము నా స్వంత కృషి అనియు, మరే విశ్వవిద్యాలయమునకును సమర్పింపబడలేదనియు ఇందుమూలముగా ప్రకటించుచున్నాను’ అన్న డిక్లరేషను. ఆ నమూనాను ఇచ్చింది కాలేజీయే. అక్షరం మార్చితే ఒప్పుకోమన్నదీ కాలేజీయే. మార్చనందుకు దొంగ అన్నదీ కాలేజీయే. ఆ తరువాత 1822 నాటి ఫోరియర్ ఉష్ణవాహక సూత్రం ఎర్రబడింది. బేరింగు భాగాల పేర్లు ఎర్రబడ్డాయి. గైడుగారు సౌమ్యులు, నిజం చెప్పాలంటే అలసిన మనిషి. ఆయన ఒక్కటే మాట అన్నారు: ‘నాకు తెలుసయ్యా, నువ్వే చేసినవని. సాఫ్ట్‌వేరు ఒప్పుకుంటలేదు కదా.’

ఇక్కడ పాఠకులను ఒక్క నిమిషం నిబంధనల దగ్గర ఆపక తప్పదు. 2018 జూలైలో, విశ్వవిద్యాలయాల మీద అజమాయిషీ చేసే యూజీసీ ఈ గ్రంథచౌర్యం మీద నియమావళి తెచ్చింది. పది శాతం లోపు పోలికకు శిక్ష లేదు. పది నుంచి నలభై వరకు అయితే ఆరు నెలలకు మించని గడువులో సరిదిద్ది మళ్లీ ఇవ్వాలి. అరవై దాటితే రిజిస్ట్రేషనే రద్దు. ఈ అంకెలు కాలేజీలో అటెండరుకు కూడా కంఠస్థమే. అయితే అదే నియమావళిలో, పోలిక లెక్కించేటప్పుడు సాధారణ పదాలను, శాస్త్ర సూత్రాలను, ప్రామాణిక సంకేతాలను, సమీకరణాలను మినహాయించాలని రాసి ఉంది. అందరికీ తెలిసిన విషయంలో వరుసగా 14 పదాల వరకు కలిసినా తప్పు కాదని కూడా ఉంది. శిక్షలున్న పేజీని లామినేషన్ చేయించి గోడకు తగిలించినవారు, మినహాయింపులున్న పేజీని ఏం చేశారో తెలియదు. బహుశా అది ఎవరి నుంచో కాపీ కొట్టినట్టు అనిపించి తీసేసి ఉంటారు.

అట్లా మేము గడియారం సెంటరు దగ్గర ఒక జిరాక్స్ షాపుకు చేరాము. థీసిస్‌కు కాలేజీ ఇచ్చిన గైడు ఒకరైతే, దాన్ని గట్టెక్కించే గైడు ఈ షాపు ఆపరేటరు. మార్జిను ఎంత, బైండింగు ఏ రంగు, బంగారు అక్షరాల సైజెంత, ఏ ఎగ్జామినరుకు ఎన్ని పేజీలుంటే ఇష్టం అన్న సమస్త విద్యలూ ఆయన వేళ్ల మీద ఉంటాయి. ‘ఏం ఫికర్ లేదు సార్, మాటలు మార్చాలె అంతే. ఒక్క మాటకు ఇంకో మాట. గంటలో తొమ్మిది శాతానికి దింపుత’ అని కుర్చీ చూపించాడు. ఆయన దగ్గర దానికొక సాఫ్ట్‌వేరు ఉంది. ఒక సాఫ్ట్‌వేరు మాటను పట్టుకుంటే ఇంకొక సాఫ్ట్‌వేరు ఆ మాటకు మారువేషం వేసి పంపుతుంది. నడుమ మనిషి అన్నవాడు డబ్బులు కట్టడానికి మాత్రమే అవసరం.

గంట పట్టలేదు. ‘బాల్ బేరింగ్’ కాస్తా ‘స్పియర్ ఎండ్యూరింగ్’ అయింది, అంటే గోళపు ఓర్పు. ‘జర్నల్ బేరింగ్’ ‘డైరీ ఎండ్యూరింగ్’ అయింది; రోజూ డైరీ రాసుకుంటూ కష్టాలు ఓర్చుకునే ఇల్లాలు ఎవరో గుర్తుకు వచ్చారు నాకు. ‘వార్మ్ గేర్’ వానపాము సామగ్రి అయింది. ‘అవుటర్ రేస్’ అంటే బేరింగు బయటి రింగు; అక్కడ రేస్ అంటే జాతి అని సాఫ్ట్‌వేరు గ్రహించి ‘ఎక్స్‌టర్నల్ ఎత్నిసిటీ’ అని పెట్టింది. ‘ఫెటీగ్ ఫెయిల్యూర్’ అలసట పరాజయం అయింది. గుండ్లను విడివిడిగా పట్టి ఉంచే ‘కేజ్’ జైలు అయింది, ‘నాయిస్’ గొడవ అయింది. చివరికి నాలుగో అధ్యాయంలోని ముఖ్య ఫలితం, పిల్లవాడు రెండు సెమిస్టర్లు ఊక దుమ్ము మింగి సాధించిన ఫలితం, తెలుగులో చెప్పుకుంటే ఇట్లా తేలింది: ‘బయటి జాతిలో అలసట వలన పగులు ఏర్పడినప్పుడు, జైలులోని గోళములు సెకనుకు 86 సార్లు గొడవ చేయుచు, లోపలి జాతికి మానసిక ఆందోళన కలిగించుచున్నవి.’ ఇది రైసుమిల్లు గురించి అని ఎవరూ అనుకోరు. ఆర్డీవోగారికి పంపితే నలుగురు గుమిగూడరాదని నిషేధాజ్ఞలు పెడతారు.

మానసిక ఆందోళన ఎక్కడి నుంచి వచ్చిందని అడిగాను. ‘స్ట్రెస్’ సార్ అన్నాడు ఆపరేటరు. ఒక చదరపు మిల్లీమీటరు మీద ఎంత బలం పడుతున్నదో చెప్పే స్ట్రెస్‌కు ఆ గతి పట్టింది. ఇందులో ఒక సుఖం లేకపోలేదు. సాంకేతిక విద్యను పర్యవేక్షించే ఏఐసీటీఈ తయారుచేసిన ఎం.టెక్. మాదిరి పాఠ్యప్రణాళికలో, ఆడిట్ కోర్సుల కింద ‘స్ట్రెస్ మేనేజ్‌మెంట్ బై యోగా’ అనే పాఠం నిజంగానే ఉంది. దానికి క్రెడిట్లు సున్నా. లోపలి జాతికి వచ్చిన ఆందోళనను ఆ కోర్సుకు పంపించి శవాసనం వేయిస్తే బేరింగుకు గ్రీజు ఖర్చు కూడా తగ్గుతుంది.

మారువేషం విద్యలో శాస్త్రవేత్తలు కొత్తవారు కారు. స్ప్రింగు ఎంత సాగుతుందో బలమూ అంతే అన్న సంగతిని కనిపెట్టిన రాబర్ట్ హుక్, ఎవరైనా ఎత్తుకుపోతారని భయపడి, 1676లో ఆ లాటిన్ వాక్యంలోని 14 అక్షరాలను కలగాపులగం చేసి అచ్చు వేయించి, రెండేళ్ల తరువాత గానీ అసలు వాక్యం బయటపెట్టలేదు. ఆయనకు సాఫ్ట్‌వేరులో సున్నా శాతం వచ్చి ఉండేది. కాకపోతే హుక్ సత్యాన్ని దొంగల నుంచి దాచాడు. మావాడు దొరల నుంచి దాచవలసి వచ్చింది. ఇటువంటి వంకర మాటలు పరిశోధన పత్రికలలో వేలంవెర్రిగా కనిపించడంతో, 2021లో కొందరు శాస్త్రవేత్తలు వాటిని పోగుచేసి ‘చిత్రహింసకు గురైన పదబంధాలు’ అని పేరు కూడా పెట్టారు. ‘ఆర్టిఫిషియల్ ఇంటెలిజెన్స్’ ‘కౌంటర్‌ఫీట్ కాన్షస్‌నెస్’ అయింది, నకిలీ స్పృహ అన్నమాట. వాళ్ల లెక్కలో అటువంటి మాట దొంగతనానికి ఆనవాలు. ఇక్కడ అదే మాట నిజాయితీకి సర్టిఫికెట్.

ఇంతవరకు నవ్వుతూనే రాశాను. షాపులో మా పక్క కుర్చీలో మావాడి క్లాసుమేటే ఒకడు కూర్చుని ఉన్నాడు. వాడి వ్యాసం హైదరాబాదు నుంచి పెన్‌డ్రైవులో వచ్చింది, రేటు కట్టి కొన్నది. ఆ వ్యాసంలోని హీట్ ఎక్స్‌ఛేంజరును వాడు ఫొటోలో తప్ప చూడలేదు. ఆ మాట దాచనూ లేదు. దానికి పోలిక ఎనిమిది శాతం. ఎందుకంటే అమ్మినవాడే మాటలు మార్చి, నివేదిక జతచేసి, గ్యారంటీ ఇచ్చి అమ్మాడు. ఎనిమిది శాతం వాడు పండితుడు, ముప్పై ఒక్క శాతం వాడు దొంగ! బేరింగును బేరింగు అన్నందుకు దొంగ! అయ్యా, మీ కాలేజీలో లేథు మిషన్ల షెడ్డుకు వేసిన తాళం తుప్పు పట్టింది, ఇన్‌స్పెక్షను వస్తుందంటే తప్ప దాన్ని తీయరు, అప్పుడు కూడా మిషనుకు ఆకుపచ్చ రంగు పూయడానికే తీస్తారు. ఆ మిల్లుకు వెళ్లి ఒక్క రాత్రి నిలబడి, ఇది నిజంగా ఈ పిల్లవాడు కొలిచాడా అని చూడడానికి మీలో ఒక్కరికి తీరిక లేకపోయింది. నల్లగొండ నుంచి మిర్యాలగూడ ఏమంత దూరం? రాత్రి షిఫ్టు చేసే ఫిట్టరు కొడుకు చేత, తండ్రికి అర్థం కాని భాషలో తండ్రి పని గురించి రాయించి, దానికి సంతకం పెట్టి, మళ్లీ దాన్ని చదువు అంటారా? సిగ్గుండాలి.

ఒకప్పుడు మన జిల్లాలోనే ఉన్న ఆలేరు పక్క శారాజీపేటలో, తల్లి ఆసు పోస్తూ చేయి పడిపోతుంటే చూడలేక, చింతకింది మల్లేశం 1999లో ఆసు యంత్రం తయారుచేశారు. చిన్నతనంలోనే బడి మానేసినవారు. 2017లో పద్మశ్రీ ఇచ్చారు. చీర నేతకు ముందు దారాన్ని కొయ్యల చుట్టూ ఒకే వరుసలో వేల సార్లు తిప్పే యంత్రం అది. పోలిక నూటికి నూరు శాతం. ఆయన ఎం.టెక్.లో చేరకపోవడం చేనేత అదృష్టం.

మావాడు చివరికి తొమ్మిది శాతంతో సమర్పించాడు, బంగారు అక్షరాలతో, ఎర్ర బైండింగుతో. వైవాలో బయటి నుంచి వచ్చిన ఎగ్జామినరు పేజీలు తిప్పి, ‘ఎక్స్‌టర్నల్ ఎత్నిసిటీ’ దగ్గర ఒక్క క్షణం ఆగి, భోజనం ఎక్కడ ఏర్పాటు చేశారని అడిగారట. గండం గడిచింది.

మరుసటి వారం మిల్లు సేటు ఫోను చేశాడు, కొత్తగా వచ్చిన ఫిట్టరుకు ఇచ్చుకుంటాము, ఆ పుస్తకం ఒకటి పంపమని. పిల్లవాడు రెండు ప్రతులనూ బల్ల మీద పెట్టుకుని కాసేపు చూసి, స్పైరల్ బైండింగుతో ఉన్న పాతదాన్ని సంచిలో వేసుకున్నాడు. మొన్న మిల్లుకు వెళ్లినప్పుడు చూశాను. బ్లోయరు పక్కన స్టార్టరు డబ్బా మీద ఉంది, నాలుగో అధ్యాయం దగ్గర గ్రీజు వేలిముద్రలతో. ముప్పై ఒక్క శాతం ప్రతి.