‘నేను’ ఎక్కడ తెగుతుంది? నిద్ర, జ్ఞాపకం, శిక్ష

తత్వశాస్త్రంలో ‘నేను’ గురించి రాసేటప్పుడు మనకో అలవాటుంది. ఉపనిషత్తులు ఆత్మ ఉందన్నాయి, బుద్ధుడు లేదన్నాడు, దెకార్త్ ఆలోచిస్తున్నాను కాబట్టి ఉన్నానన్నాడు, హ్యూమ్ వెతికినా దొరకలేదన్నాడు అని వరసగా పేర్చేస్తాం. చివర్లో అందరూ ఒకే సత్యాన్ని వేర్వేరు మాటల్లో చెప్పారని తేల్చేస్తాం. ఇంత చదివినా వాళ్ళలో ఎవరు ఏ ప్రశ్నకు జవాబు చెబుతున్నారో తెలియదు. సిద్ధాంతం గట్టిదో కాదో చూడాలంటే బరువు పడే చోట నొక్కాలి. ఆత్మ విషయంలో అలాంటి చోట్లు మూడు: గాఢనిద్ర, జ్ఞాపకం, శిక్ష. ఒక చోట నిబ్బరంగా నిలిచిన సిద్ధాంతం మరో చోట కచ్చితంగా తడబడుతుంది.

నిద్ర పరీక్ష ఛాందోగ్యోపనిషత్తు ఎనిమిదో అధ్యాయంలోనే ఉంది. ఆత్మను తెలుసుకోవాలని దేవతల తరఫున ఇంద్రుడు, అసురుల తరఫున విరోచనుడు ప్రజాపతి దగ్గరికి వెళ్తారు. 32 ఏళ్ళు బ్రహ్మచర్యం చేశాక ఆయన వాళ్ళను నీళ్ళ పాత్రలో చూసుకోమంటాడు. కనిపించిన ఒళ్ళే ఆత్మ అనుకుని విరోచనుడు తృప్తిగా వెళ్ళిపోతాడు. ఇంద్రుడికి దారిలోనే సందేహం వస్తుంది: ఒళ్ళు గుడ్డిదైతే ఇదీ గుడ్డిదే, ఒళ్ళు పోతే ఇదీ పోతుంది. తిరిగొచ్చి మరో 32 ఏళ్ళు ఉంటాడు. కలలో తిరిగేవాడే ఆత్మ అంటే, కలలోనూ ఏడుస్తాం కదా అంటాడు. ఇంకో 32 ఏళ్ళకు వచ్చిన జవాబు, కలలేని నిద్ర. అప్పుడు ఇంద్రుడు అన్న మాట అసలు సమస్యను పట్టుకుంది: ఆ నిద్రలో ‘ఇది నేను’ అని తనకే తెలియదు, నాశనమైనట్టే ఉంది, దీనివల్ల నాకేం ప్రయోజనం? మరో ఐదేళ్ళతో మొత్తం 101 ఏళ్ళు పూర్తయ్యాక ప్రజాపతి చివరి ఉపదేశం చేస్తాడు. కానీ తర్వాతి కాలపు వాదాలకు మేత వేసింది ఆ ఉపదేశం కన్నా ఇంద్రుడి మూడో అభ్యంతరమే.

ఆత్మ అంటే ఉత్త చైతన్యమే అనే అద్వైతుల జవాబు చూడండి. లేచినవాడు ‘హాయిగా నిద్రపోయాను, ఏమీ తెలియలేదు’ అంటాడు. అనుభవించనిది గుర్తుకు రాదు. కాబట్టి ఆ ఏమీ తెలియకపోవడాన్ని చూస్తున్న సాక్షి నిద్రలోనూ ఉన్నాడు. అహంకారం, అంటే ‘నేను’ అనే భావం, అణగిపోయింది, చైతన్యం అలాగే ఉంది. రామానుజులు అదే వాక్యాన్ని అందుకుని ఎదురు తిప్పారు. ‘నిద్రపోయాను’ అన్న మాటలో ‘నేను’ ఉంది కదా, దాన్ని తీసేసి ఉత్త చైతన్యాన్ని మిగుల్చుకోవడమేమిటి? ‘నేను’ అనే అర్థమే ఆత్మ. మోక్షంలో ఆ ‘నేను’ కూడా పోతుందంటే మోక్షం ప్రస్తావన వాసన తగిలినా మనిషి పక్కకు తప్పుకుంటాడని శ్రీభాష్యంలో ఎత్తిపొడిచారు. న్యాయదర్శనం అనే తర్క సంప్రదాయానికి చెందిన నైయాయికులు ఇద్దరితోనూ ఏకీభవించరు. లేచాక చెప్పేది జ్ఞాపకం కాదు, ఒంటి తేలికదనాన్ని బట్టి తర్వాత ఊహించుకున్నది. చైతన్యం ఆత్మకు స్వభావం కాదు, మనసుతో సంబంధం ఏర్పడినప్పుడు పుట్టే గుణం. అందుకే నిద్రలో ఆత్మ ఉంటుంది, తెలివి ఉండదు. మోక్షంలోనూ అంతే. శ్రీహర్షుడి నైషధ కావ్యంలో ఒక చార్వాకుడు, అంటే ఒంటిని మించి ఆత్మ లేదనేవాడు, దీన్నే వెక్కిరిస్తాడు: రాయిగా మారడమే ముక్తి అని బోధించిన న్యాయసూత్రకర్త గోతముడు పేరుకు తగ్గ ‘గో-తముడే’, ఆవుల్లో అగ్రగణ్యుడే.

1641లో ‘ధ్యానాలు’ ప్రచురించిన దెకార్త్ కూడా ఈ గుంటలోనే పడ్డాడు. మనసు సారమే ఆలోచన అన్నాక అది ఒక్క క్షణం ఆగినా మనసు లేనట్టే. అందుకని గాఢనిద్రలోనూ, గర్భంలోనూ మనసు ఆలోచిస్తూనే ఉంటుందని, అది మనకు గుర్తుండదని చెప్పాల్సి వచ్చింది. ఆంగ్ల తత్వవేత్త జాన్ లాక్ దానికి ఒక్క వాక్యంలో జవాబిచ్చాడు: మగతగా తూగే ప్రతి తూగూ ఈ సిద్ధాంతాన్ని కుదిపేస్తుంది.

దెకార్త్ వాక్యం మీద ఇంకో దెబ్బ వ్యాకరణం వైపు నుంచి వచ్చింది. పద్దెనిమిదో శతాబ్దపు జర్మన్ శాస్త్రవేత్త లిఖ్టెన్‌బెర్గ్ అభ్యంతరం ఇది: మెరుస్తోంది అన్నట్టుగా ‘ఆలోచన జరుగుతోంది’ అంటే చాలు, ‘నేను’ అన్నది అదనంగా చేర్చిన ఊహ. ఇది తెలుగువాడికి కొరుకుడుపడటానికి క్షణం పట్టదు. మనం నాకు ఆకలేస్తోంది అంటాం, నాకు గుర్తుంది అంటాం, నాకు తోచింది అంటాం. చూడటం, చేయడం ‘నేను’ చేస్తాను. ఆకలి, జ్ఞాపకం, తోచిన ఆలోచన మాత్రం ‘నాకు’ వస్తాయి. దెకార్త్ తెలుగులో రాసుంటే ‘నాకు ఆలోచన వస్తోంది’ దగ్గర ఆగి, కర్త కోసం కాసేపు తడుముకునేవాడేమో. అయినా లిఖ్టెన్‌బెర్గ్ గెలిచేశాడని కాదు. ‘నాకు’ అన్నా ఎవరికి అన్న ప్రశ్న మిగిలే ఉంటుంది.

హ్యూమ్ ఆ ‘ఎవరికి’ని లోపల వెతికాడు. 1739 నాటి గ్రంథంలో తన అన్వేషణ ఫలితం రాశాడు: ఎప్పుడు చూసినా ఏదో వేడి, చలి, వెలుగు, బాధ తగులుతున్నాయి తప్ప వాటిని అనుభవించేవాడు విడిగా తగలడం లేదు. శంకరుల బ్రహ్మసూత్ర భాష్యంలో దీనికి ముందే రాసిపెట్టినట్టు ఒక జవాబుంది: కాదనేవాడు ఎవడో వాడి స్వరూపమే అది. జర్మన్ తత్వవేత్త కాంట్ ఇంకా జాగ్రత్తగా నడిచాడు. నా అనుభవాలన్నిటికీ ‘నేను ఆలోచిస్తున్నాను’ అన్నది తోడు రాగలగాలి, లేకపోతే అవి నావి కావు. కానీ ఆ తోడు రావడం నుంచి ‘నేను’ ఒక ద్రవ్యం, అంటే దానంతటది నిలిచే వస్తువు, నాశనం లేనిది అని లాగడం తర్కదోషం. నా దృష్టిలో ఈ ముగ్గురిలో కాంట్ మాటే నిలుస్తుంది. చూపుకు చూసేవాడు కావాలన్నంత మాత్రాన ఆ చూసేవాడు నిన్నా ఉన్నాడని రుజువు కాదు. నిన్నటి సంగతి తేలాలంటే జ్ఞాపకం దగ్గరికి రావాలి.

ఇక్కడే భారతీయ తర్కం అత్యంత పదునుగా పనిచేసింది. నైయాయికుల మూలగ్రంథం న్యాయసూత్రంలో మూడో అధ్యాయం మొదటి సూత్రం: చూపుతో, స్పర్శతో ఒకే వస్తువును గ్రహిస్తాం కనుక ఆత్మ ఇంద్రియాలకు వేరు. కన్ను ముట్టుకోలేదు, చర్మం చూడలేదు. ‘చూసిన దాన్నే ముట్టుకుంటున్నాను’ అని రెండిటినీ కలిపేవాడు మూడోవాడు. అదే అధ్యాయంలో మరో ఉదాహరణ: పుల్లటి పండును కన్ను చూస్తే నోట్లో నీళ్ళూరతాయి. చూసింది కన్ను, స్పందించింది నాలుక. మధ్యలో పాత రుచిని గుర్తుచేసుకున్నవాడు ఒకడుండాలి. ఒకరు చూసింది ఇంకొకరికి గుర్తు రాదన్నదే ఈ వాదానికంతటికీ ఇరుసు.

బౌద్ధులు ఇరుసు మీదే కొట్టారు. గుర్తు రావడానికి ఒకే వ్యక్తి అక్కర్లేదు, ఒకే సంతానం చాలు. సంతానం అంటే ఇక్కడ ఒక క్షణం మరో క్షణానికి కారణమవుతూ సాగే ప్రవాహం. బౌద్ధాచార్యుడు వసుబంధుడు అభిధర్మకోశం చివర్లో ‘పుద్గలుడు’, అంటే ఒక వ్యక్తి, నిజంగా ఉన్నాడనే వాదాన్ని ఖండించింది ఈ దారిలోనే. నైయాయికులు వెంటనే అడిగారు: గురువు జ్ఞానం శిష్యుడి జ్ఞానానికి కారణం కదా, మరి గురువు చిన్ననాటి సంగతులు శిష్యుడికి ఎందుకు గుర్తు రావు? దీనికి బౌద్ధుల పక్షాన ఒక శ్లోకం ప్రచారంలో ఉంది. పత్తి విత్తనానికి లక్కరంగు పూసి నాటితే ఆ మొక్కకే ఎర్రదనం వస్తుంది, పక్క మొక్కకు రాదు. అలాగే ఏ సంతానంలో వాసన, అంటే పాత అనుభవపు ముద్ర, పడిందో ఆ సంతానంలోనే ఫలం కనిపిస్తుంది. మొక్కల శాస్త్రం సంగతి పక్కన పెడితే ఉపమానం చక్కగా పనిచేస్తుంది. కానీ అసలు ప్రశ్నను ఒక అడుగు వెనక్కి నెట్టడమే ఇది. ఈ రెండు క్షణాలు ఒకే సంతానానికి చెందినవని దేన్ని బట్టి చెబుతాం? జ్ఞాపకాన్ని బట్టి అంటే వలయంలో తిరుగుతున్నట్టే.

ఐరోపాలో ఇదే తగువు చాలా ఆలస్యంగా, దాదాపు ఇదే క్రమంలో జరిగింది. లాక్ తన గ్రంథం రెండో కూర్పులో, 1694లో, వ్యక్తి ఏకత్వం మీద కొత్త అధ్యాయం చేర్చాడు. రాజకుమారుడి స్పృహ, జ్ఞాపకాలతో సహా, చెప్పులు కుట్టేవాడి శరీరంలోకి వస్తే ఆ వ్యక్తి రాజకుమారుడే అన్నాడు. 1736లో బిషప్ బట్లర్ వలయాన్ని పట్టుకున్నాడు: ఒక జ్ఞాపకం నాదని తేలాకే కదా అది నా ఏకత్వానికి సాక్ష్యం అయ్యేది. 1785లో థామస్ రీడ్ ఇంకా సూటిగా లెక్క చూపాడు. తోటలో పళ్ళు దొంగిలించి బడిలో దెబ్బలు తిన్న పిల్లవాడు, యుద్ధంలో శత్రువు జెండా లాక్కున్న యువ అధికారి, ముసలి సేనాని. అధికారికి దెబ్బలు గుర్తున్నాయి. సేనానికి జెండా గుర్తుంది, దెబ్బలు గుర్తులేవు. లాక్ ప్రకారం పిల్లవాడు, అధికారి ఒకరే. అధికారి, సేనాని ఒకరే. పిల్లవాడు, సేనాని మాత్రం వేరు. ఒకటి రెండుకు, రెండు మూడుకు సమానమై ఒకటి మూడుకు కాకపోతే అది ఏకత్వం కాదు. జ్ఞాపకాలు గొలుసు కట్లలా ఒకదానిలో ఒకటి పెనవేసుకుంటే చాలని సర్దితే రీడ్ లెక్క తప్పించుకోవచ్చు. బట్లర్ వలయం మాత్రం అలాగే ఉంటుంది.

వైద్యం దగ్గర ఒక మొండి ఉదాహరణ ఉంది. 1953లో మూర్ఛ తగ్గడానికి మెదడు శస్త్రచికిత్స చేయించుకున్న 27 ఏళ్ళ వ్యక్తికి ఆ తర్వాత కొత్త సంఘటనల జ్ఞాపకాలు నిలవడం దాదాపుగా ఆగిపోయింది. అద్దంలో చూస్తూ బొమ్మ గీయడం మాత్రం రోజురోజుకూ మెరుగుపడింది, ఎప్పుడూ చేసినట్టు గుర్తు లేకుండానే. అక్కడ వాసన ఉంది, స్మృతి లేదు. ఏకత్వాన్ని జ్ఞాపకంతో కొలిచే లాక్‌కు ఇది చిక్కు. ప్రవాహం సాగితే చాలన్న వసుబంధుడికి అంత చిక్కు కాదు.

ఇక శిక్ష. మిలిందపన్హ అనే పాలీ బౌద్ధ గ్రంథంలో రాజు మిలిందుడికి భిక్షువు నాగసేనుడు మామిడిపళ్ళ దొంగ సంగతి చెబుతాడు. (తోటల్లో పళ్ళ దొంగలు లేకపోతే ఆత్మ మీద చర్చ ముందుకు సాగేది కాదేమో.) దొంగ వాదన: ఇతను నాటిన పళ్ళు వేరు, నేను కోసినవి వేరు, కాబట్టి నేను దోషిని కాను. రాజు ఒప్పుకోడు, ఈ పళ్ళు ఆ పళ్ళ నుంచే వచ్చాయి అంటాడు. అదే న్యాయం మనిషికీ, కర్మకూ వర్తిస్తుందని నాగసేనుడు అందుకుంటాడు. అదే గ్రంథంలోని రథం పోలిక అందరికీ తెలుసు: ఇరుసు, చక్రాలు, కాడి విడదీస్తే రథం అని మిగిలేది ఏమీ లేదు. కఠోపనిషత్తులోనూ రథం ఉంది. అక్కడ శరీరం రథం, బుద్ధి సారథి, మనసు పగ్గాలు, ఇంద్రియాలు గుర్రాలు, ఆత్మ రథికుడు. తోలేది సారథి, కూర్చున్నది రథికుడు. మరి గుర్రాలు ఎవరినైనా తొక్కేస్తే తప్పెవరిది? ఏమీ చేయని సాక్షిని శిక్షించడం ఎలా? నిద్రలో అంత బాగా నిలబడిన సాక్షి ఇక్కడ ఇబ్బంది పెడతాడు. శంకరుల దగ్గర దీనికి వడ్రంగి ఉపమానం ఉంది: పనిముట్లు పట్టినప్పుడు కర్త, దించినప్పుడు కాదు. కర్తృత్వం ఉపాధి వల్ల, అంటే ఆత్మకు పైన తగిలించుకున్న ఒళ్ళూ మనసూ వల్ల, వచ్చింది. అలాగైతే శిక్ష పడేది ఉపాధికే.

లాక్ ‘వ్యక్తి’ అన్నది న్యాయస్థానపు మాట అని సూటిగా అన్నాడు. తాగిన మైకంలో చేసింది నిజంగా గుర్తు లేకపోయినా లోకంలోని కోర్టులు శిక్షిస్తాయి, ఎందుకంటే గుర్తు లేదన్న మాట నిజమో అబద్ధమో తేల్చే దారి వాటికి లేదు. అంటే ఆ తీర్పు ఆధారపడింది సాక్ష్యం దొరక్కపోవడం మీద, ఏకత్వం మీద కాదు.

బ్రిటిష్ తత్వవేత్త డెరెక్ పార్ఫిట్ 1984లో ఈ తాడును ఇంకా లాగాడు. నా మెదడు రెండు సగాలను రెండు శరీరాల్లో అమరిస్తే, ఇద్దరికీ నా జ్ఞాపకాలు, నా స్వభావం ఉంటే నేను ఎవరిని? ఇది ఉత్త ఊహ అని కొట్టిపారేయడం కష్టం. మూర్ఛ రోగుల్లో మెదడు సగాల మధ్య వంతెనను కోసిన తర్వాత ఒక సగానికి చూపింది రెండో సగం చెప్పలేకపోవడాన్ని రోజర్ స్పెరీ బృందం నమోదు చేసింది. స్పెరీకి 1981లో నోబెల్ వచ్చింది. పార్ఫిట్ తేల్చింది: ఎవరిని అన్న ప్రశ్నకు జవాబు అక్కర్లేదు, కొనసాగింపు ఉంటే చాలు. తన మాట బుద్ధుడికి దగ్గరగా ఉందని ఆయనే గుర్తించాడు.

ఆ రెండు శరీరాలను పత్తి చేనులోకి తీసుకెళ్ళి చూడండి. లక్కరంగు పూసిన ఒకే విత్తనం నుంచి రెండు మొక్కలు వచ్చాయనుకుంటే రెండింటికీ ఎర్రదనమే వస్తుంది. బౌద్ధుడికి ఇందులో అడ్డంకి లేదు, సంతానం రెండు పాయలైంది. మామిడిపళ్ళు దొంగిలించింది ఆ విత్తనమైతే రెండు మొక్కలకూ శిక్ష పడుతుంది, సగం సగం కాదు, పూర్తిగా. నైయాయికుడు అలా అనలేడు. అతని ఆత్మ విడిపోయేది కాదు, ఎవరో ఒకరిలోనే ఉండాలి. కానీ ఆత్మను గుర్తుపట్టడానికి అతను ఇచ్చిన ఆరు గుర్తులు, అంటే ఇచ్ఛ, ద్వేషం, ప్రయత్నం, సుఖం, దుఃఖం, జ్ఞానం, ఇద్దరిలోనూ ఒకేలా ఉన్నాయి. చూసిన దాన్నే ముట్టుకుంటున్నానని ఇద్దరూ అంటున్నారు.