ఫైబర్ ఖడ్గమృగానికి జేజేలు

నగరంలోని జూ ఆధునీకరణ పూర్తయిందని అధికారికంగా ప్రకటించారు. కాదనడానికి మనమెవరం? గేటు మారింది. టిక్కెట్ల కిటికీ మారింది. దారి పొడవునా చెత్తబుట్టలు కోతుల అవతారమెత్తాయి, నోట్లో చెయ్యి పెట్టి మరీ చెత్త వెయ్యాలి. అన్నిటికంటే ముఖ్యంగా ఖడ్గమృగం మారింది.

పాతదానితో చాలా ఇబ్బందులుండేవి. అది కదిలేది. మేసేది. రోజూ ఒకే చోట పేడ కుప్ప పెట్టేది. ఎండ ముదిరితే గుంటలో దిగి ముక్కూ కొమ్మూ మాత్రం బయటపెట్టి పడుకునేది. ఎంత అరిచినా ఇటు తిరిగేది కాదు. టిక్కెట్టు కొని వచ్చినవాళ్ల పట్ల ఇంత నిర్లక్ష్యం పనికిరాదు కనుక దాన్ని జంతు మార్పిడి కింద ఇంకెక్కడికో పంపేశారు. ఖాళీ అయిన ఎన్‌క్లోజర్ ముందు ఫైబర్ ఖడ్గమృగాన్ని నిలబెట్టారు. చుట్టూ ప్లాస్టిక్ గడ్డి పరిచారు. అందులో తప్పు పట్టాల్సిందేం లేదు, ఆ జంతువు ఎలాగూ మెయ్యదు.

వెనక బోర్డు మాత్రం పాతదే ఉంచారు. ‘భారతీయ ఖడ్గమృగం, ఒంటికొమ్ముది’ అని దాని మీద రాసి ఉంది. బొమ్మకేమో రెండు కొమ్ములున్నాయి. ఒక పెద్దాయన ఈ సంగతి అక్కడున్న సిబ్బంది చెవిన వేస్తే, ‘ఫోటోకి రెండుంటేనే బావుంటుంది సార్’ అని తేల్చేశారు. జీవపరిణామం లక్షల ఏళ్లు తంటాలు పడి ఒక కొమ్ము దగ్గర ఆగిపోయింది. మన కాంట్రాక్టరు ఒక్క బిల్లుతో దాన్ని దాటేశాడు.

ఆదివారం నాడు దాని ముందు జనాన్ని చూడాలి. ముందు కుటుంబమంతా వరసగా నిలబడుతుంది. తర్వాత పిల్లవాణ్ణి ఎత్తి వీపు మీద కూర్చోబెడతారు. వాడు కెవ్వుమంటాడు. ‘ఏం చెయ్యదురా, బొమ్మేగా’ అంటాడు నాన్న. ‘కెమెరా వైపు చూడరా’ అంటుంది అమ్మ. వాడు ఏ వైపూ చూడడు. ఏడుస్తుండగానే ఫోటో అయిపోతుంది. వాణ్ణి దించి నాన్న ఎక్కుతాడు. అప్పుడు మోగుతుంది గార్డు విజిల్. ‘దిగండి సార్, దిగండి, పగిలిపోద్ది!’ ఆ గొంతులో నిజమైన ఆందోళన ఉంటుంది. నాలుగు అడుగుల అవతల పులి అద్దం మీద ఓ కుర్రాడు చెప్పు తీసి దబదబా బాదుతున్నప్పుడు ఇదే విజిల్ జేబులోంచి బయటికి రాదు. వచ్చినవాళ్లంతా కొమ్ము పట్టుకునే ఫోటో దిగుతారు కాబట్టి కొమ్ము రంగు పోయి లోపలి తెల్ల ఫైబర్ బయటపడింది. అలా బయటపడ్డ వారంలోనే రంగు డబ్బాతో మనిషి వచ్చాడు. ఎలుగుబంటి నీటితొట్టికి పడిన పగులేమో ఇంకా ‘పరిశీలనలో’ ఉంది.

అయినా ఆ బొమ్మ మీద నాకు ఏ కోపమూ లేదు. ఆధునీకరణ వల్ల నిజంగా సుఖపడిన జంతువు మొత్తం జూలో అదొక్కటే. దాన్ని రోజూ తుడుస్తున్నారు. దానికి కాపలా ఉంది. రాత్రి దాన్ని ఎక్కడికీ తోలరు.

ఇక చిరుత సంగతి. దాని వెనక గోడ మీద అడవి బొమ్మ గీయించారు. జలపాతం, ఇంద్రధనుస్సు, జలపాతం పక్కన ఓ జింకల మంద. చిరుతకు జింకల బొమ్మ! ఆకలేసినప్పుడల్లా చూసుకుని ఆనందించమని కాబోలు. గోడ ముందు ఒక నిజం చెట్టు కూడా ఉంది, మంచి వయసున్న చెట్టు, కొమ్మలు అడ్డంగా చాచి చిరుత పడకకు సరిగ్గా సరిపోయేట్టు ఉంటుంది. దాని మొదలు చుట్టూ కరెంటు తీగ చుట్టారు. జంతువు ఎక్కితే చెట్టు పాడైపోతుందట. చెట్టెక్కడానికే పుట్టిన జంతువుకి చెట్టు ముట్టుకుంటే షాక్. సిమెంటుతో చేసిన మోడు ఒకటి పక్కనే ఉంది, దాని మీద కూర్చోవచ్చు. మిట్టమధ్యాహ్నం అది పెనంలా కాలుతుంటుంది.

దీని వెనక ఓ శాస్త్రం ఉందని మర్యాదగా ఒప్పుకోవాలి. 1970ల చివర్లో సియాటిల్‌లోని వుడ్‌లాండ్ పార్క్ జూలో గొరిల్లాలకు చెట్లూ పొదలూ ఎత్తుపల్లాలూ ఉన్న చోటు కట్టారు. చూడవచ్చిన మనిషి కూడా అదే అడవిలో నడుస్తున్నట్టు ఉండాలన్నది ఆలోచన. ఆ పద్ధతి ప్రపంచమంతా పాకింది. పాకుతూ పాకుతూ మన దాకా వచ్చేసరికి గొరిల్లాల సగం దారిలో రాలిపోయి, చూసేవాడి సగం ఒక్కటే మిగిలింది. అంతకు చాలాముందే, 1940లలో, స్విట్జర్లాండ్‌కు చెందిన హైనీ హెడిగర్ అనే జూ డైరెక్టరు ఓ మాట చెప్పి పెట్టాడు. చోటు ఎంతుందన్నది ఒక్కటే చాలదు, ఆ చోటులో జంతువు చేసుకోవడానికి ఏముందో చూడండి, మనిషి కంటపడకుండా తప్పుకునే వీలు దానికి ఇవ్వండి అని. మన జూ ఆ రెండో మాటను శ్రద్ధగా చదివి తిరగేసి అమలు చేసింది. పులికి మూడు వైపులా అద్దాలు పెట్టింది. ‘ఎక్కడ నిలబడినా పులి కనిపిస్తుంది’ అని బోర్డు తగిలించింది. మధ్యలో గుబురుగా పెరిగిన పొదలు కొట్టేయించింది. పులి వాటి వెనక దాక్కుంటోందని ఫిర్యాదులు వచ్చాయట. దాక్కుని బతికే జంతువు దాక్కుంటోందని ఫిర్యాదు! రేపు చేప తడిగా ఉందని కూడా రాస్తారు, దాని మీదా చర్య తీసుకుంటారు.

ఇలా ముస్తాబు చెయ్యడం ఇవాళ పుట్టిందేమీ కాదు. 1907లో హాంబర్గ్ దగ్గర కార్ల్ హాగెన్‌బెక్ ఇనుప చువ్వలు తీసేసి కందకాలు తవ్వించాడు. ఏ జంతువు ఎంత దూరం దూకగలదో లెక్కగట్టి అంతకంటే కాస్త ఎక్కువ వెడల్పు పెట్టించాడు. కందకం కనబడకుండా రాళ్లు పేర్చి, ముందు జింకలూ వెనక సింహాలూ ఒకే మైదానంలో ఉన్నట్టు భ్రమ కల్పించాడు. జంతువుల వ్యాపారి ఆయన. దూర దేశాల మనుషుల్ని కూడా పట్టుకొచ్చి ప్రదర్శనకు పెట్టినవాడు. ప్రేక్షకుడి కన్ను ఎక్కడ ఆగుతుందో ఆయనకు తెలిసినట్టు ఎవరికీ తెలియదు. చువ్వలు పోవడం జంతువుకూ కొంత మేలే, అబద్ధమెందుకు. కానీ ఆ రోజు నుంచి బోను కనబడకపోతే బోను లేనట్టే అని మనకు అలవాటైపోయింది.

వాస్తుశిల్పులు చెయ్యి పెడితే ఏమవుతుందో చూడాలంటే లండన్ జూలో పెంగ్విన్ల కొలను చూడాలి. బెర్తోల్డ్ లుబెట్కిన్ బృందం 1934లో కట్టింది. తెల్లటి కాంక్రీటు, గాలిలో తేలుతున్నట్టు రెండు మెలికల ర్యాంపులు. ఇంజనీర్లు ఇప్పటికీ దాన్ని చూసి మురిసిపోతారు. పెంగ్విన్లు ఆ గట్టి నేల మీద నడిచీ నడిచీ కాళ్లు పాడుచేసుకున్నాయి. 2004లో వాటిని అక్కడి నుంచి తీసేశారు. కొలను మాత్రం చెక్కుచెదరలేదు, దానికి వారసత్వ కట్టడంగా చట్టం రక్షణ ఉంది. అంతరించిపోకుండా కాపాడాల్సింది కాంక్రీటునని అక్కడివాళ్లకు ముందే అర్థమైంది.

అద్దం వెంబడి పులి అటూ ఇటూ నడుస్తూ ఉంటుంది. ఒకే దారి, ఒకే మలుపు, అదే చోట తల తిప్పడం. ఆ దారిలో గడ్డి మొలవదు. ‘వాకింగ్ చేస్తోంది, మనకంటే నయం’ అని నవ్వుకుంటూ పోతారు. 2003లో ఇద్దరు పరిశోధకులు, రాస్ క్లబ్, జార్జియా మేసన్, లెక్క తీసి చూపించారు. అడవిలో ఎంత విశాలంగా తిరిగే మాంసాహారి అయితే, బోనులో అంత ఎక్కువగా ఇలా పచార్లు చేస్తుంది, దాని పిల్లలు అంత ఎక్కువగా చనిపోతాయి. ధ్రువపు ఎలుగుబంటికి జూలలో మామూలుగా ఇచ్చే చోటు, అది బయట తిరిగే కనీస విస్తీర్ణంలో పది లక్షలో వంతు. దానికి జూల విరుగుడేమిటంటే గోడ మీద మంచుకొండల బొమ్మ.

ఏనుగు దగ్గర మాత్రం నాకు వెటకారం నోట రాదు.

దాని కొత్త బోర్డు పసుపు రంగులో ఉంది. ‘హలో ఫ్రెండ్స్! నాకు డాన్సంటే చాలా ఇష్టం!’ అని ఏనుగే మాట్లాడుతున్నట్టు రాశారు, పక్కన కళ్లద్దాలు పెట్టుకున్న ఏనుగు కార్టూను. దాని వెనక అసలు ఏనుగు ఊగుతోంది. ముందు ఎడమ కాలు అరడుగు ముందుకి వేస్తుంది, తల ఎడమకి వాలుతుంది, తొండం దాంతోపాటు ఊగుతుంది, కాలు వెనక్కి, తల కుడికి. మళ్లీ ఎడమ కాలు. ఈగ వాలినా ఆగదు. మేత తెచ్చి వేసినా ఒక క్షణం ఆగి మళ్లీ మొదలు. ‘చూడు నాన్నా, ఏనుగు డాన్స్ చేస్తోంది!’ అని ఓ అమ్మ చూపిస్తోంది, పాపం ఆవిడ తప్పేముంది, బోర్డు మీద అలాగే ఉంది. పిల్ల చప్పట్లు కొట్టింది. చుట్టూ ఉన్నవాళ్లూ కొట్టారు.

అది డాన్సు కాదు. జూలో పనిచేసే ప్రతి కీపరుకీ, ప్రతి పశువైద్యుడికీ, ఆ బోర్డుకి సంతకం పెట్టిన ప్రతి అధికారికీ తెలుసు అది డాన్సు కాదని. తోడు లేక, పని లేక, నడిచే చోటు లేక బుర్ర చితికిపోయిన జంతువు చేసే చేష్ట అది. ఆడ ఏనుగు జీవితమంతా తల్లీ అక్కచెల్లెళ్ల మధ్య గడుపుతుంది. దీనితో ఉన్న ఇంకో ఏనుగును పోయినేడు లారీ ఎక్కించి పంపేశారు. తెలిసీ దాని బాధకు కార్టూను గీయించారు, పిల్లల చేత చప్పట్లు కొట్టించారు. సిగ్గులేదా అని అడగాలంటే ఎవర్ని అడగాలో కూడా ఆ బోర్డు మీద రాయలేదు. ఐరోపా జూలలో పుట్టిన ఆఫ్రికా ఆడ ఏనుగుల్లో సగం 16.9 ఏళ్లలోపే పోతాయనీ, కెన్యాలోని అంబోసెలి పార్కులో సహజంగా బతికి పోయేవాటిలో సగం 56 ఏళ్లు దాటుతాయనీ 2008లో లెక్కలు వచ్చాయి. మన సామెత మాత్రం ఏనుగు బతికినా వెయ్యే, చచ్చినా వెయ్యే అంటుంది. మనం ఎప్పటి నుంచో ఆ లెక్కలోనే ఉన్నాం.

ఆధునీకరణలో చెయ్యి పడని భాగం ఒకటుంది. సాయంత్రం ఐదింటికి గేటు మూసేస్తారు. అద్దాలూ జలపాతాలూ ఉన్న ఎన్‌క్లోజర్లలోంచి జంతువుల్ని వెనక నైట్‌హౌస్‌లోకి తోలి తలుపులు దించేస్తారు. మర్నాడు పొద్దున తొమ్మిదింటి దాకా అక్కడే. అంటే రోజులో 16 గంటలు. పులులూ చిరుతలూ ముఖ్యంగా చీకట్లో తిరిగే జంతువులు, వాటికి అసలు పగలు మొదలయ్యేదే అప్పుడు. గేటు దగ్గర పెట్టిన రంగురంగుల ప్లానులో ఆ గదులు బూడిదరంగు పెట్టెల్లా ఉన్నాయి, మీద చిన్న అక్షరాలతో ‘పాతవి, యథాతథం’ అని రాసి ఉంది. పాత సిమెంటు నేల, పాత కాలువ, పాత చువ్వలు. పైన పటారం లోన లొటారం అనే మాట ఇంత అచ్చంగా ప్లాను గీయించుకుని వేలాడటం నేనెక్కడా చూడలేదు. ఆ గదులకు ఎందుకు ఏమీ చెయ్యలేదని ఆఫీసులో అడిగితే, ‘అటు విజిటర్స్‌ని పంపం కదండీ’ అన్నారు. ఇంత నిజాయితీగా ఇంకెవరూ చెప్పలేదు, అందుకు ఆయనకు దండం పెట్టాలి.

రెండో దశ కూడా ఉందట. మ్యూజికల్ ఫౌంటెన్‌కు టెండరు పిలిచారు. ప్రజల సలహాల కోసం ఓ పెట్టె పెట్టారు, అది కూడా జంతువు ఆకారంలోనే, హిప్పో. దాని నోట్లో నేనూ ఓ కాగితం వేశాను. ఏనుగు రాత్రి ఉండే గదిలో సిమెంటు పగలగొట్టి మోకాలి లోతు ఇసుక పోయించండి, బోనులో ఉండే ఏనుగుల్ని తినేసేవాటిలో కాలి జబ్బులే ముందు వరసలో ఉంటాయి. వెనక తలుపు రాత్రంతా తీసి ఉంచండి, ఆవరణలోకి దాని ఇష్టమొచ్చినప్పుడు వెళ్లి రానివ్వండి. పంపేసిన ఏనుగు దగ్గరికి దీన్నీ పంపండి. చిరుత చెట్టుకున్న తీగ విప్పండి, చెట్టు పోతే ఇంకోటి నాటండి. పులికి పొదలు పెరగనివ్వండి, కనబడని రోజున కనబడదని బోర్డు పెట్టండి. వీటికి నిధులు చాలవంటారా, ఫౌంటెన్ టెండరు రద్దు చేసి చూడండి.